మూడు గడపల నడుమ నిలిచిపోయిన కళ

నల్లగొండ, సూర్యాపేట జిల్లాల పల్లెల్లో సైదులు అనే పేరుగల మనిషి లేని ఊరు అరుదు. సైదులు, సైదయ్య, సైదమ్మ అని పిలిపించుకునే వారిలో చాలామంది ముస్లింలు కారు. పాలకీడు మండలంలోని జాన్‌పహాడ్ దర్గాకు మొక్కుకున్నాక పుట్టిన బిడ్డలకు తల్లిదండ్రులు భక్తితో పెట్టుకున్న పేర్లవి. ఏటా జనవరిలో అక్కడ జరిగే ఉర్సుకు, గంధం ఊరేగింపుకు మతంతో నిమిత్తం లేకుండా జనం తరలివస్తారు. పొరుగువారి బిడ్డలకు పేర్లు ఇచ్చేటంత లోతుగా ఈ నేలలో వేళ్లూనిన సంస్కృతి మనది. అయినా ఆ ఉర్సులో పాడే ఫకీరు ఎవరు, ఆ పాటను ఎవరి దగ్గర నేర్చుకున్నాడు, ఆయన తరువాత దానిని ఎవరు పాడతారు అని అడిగితే, బదులు చెప్పగల గ్రంథాన్నో సంస్థనో సూర్యాపేటలో గానీ, కోదాడలో గానీ, మిర్యాలగూడలో గానీ చూపడం కష్టం.

ఇది ఫకీరు పాటకు మాత్రమే పరిమితమైన దుస్థితి కాదు. పెళ్లిళ్లలో మాంజా నాటి రాత్రి మన ఆడవాళ్లు పాడుకునే ఢోలక్ పాటలు, మొహర్రంలో అలావా చుట్టూ వినిపించే తెలుగు పీర్ల పాటలు, నాత్ చదివే పిల్లల గొంతులు, దక్కనీలో చెప్పుకునే కథలు, తెలుగులో రాస్తున్న మన యువకుల కవిత్వం, ఇవన్నీ ఎవరి ఆదరణా లేకుండా వాటంతట అవే బతుకుతున్నాయి. అంటే, వాటంతట అవే చనిపోతున్నాయి కూడా. కళలకు ఈ దేశంలో ప్రభుత్వ ధనం ఉంది. సంస్థల ధనం ఉంది. చట్టప్రకారం సమాజానికి ఖర్చు పెట్టవలసిన కంపెనీల ధనం ఉంది. అందులో నుంచి మన మొహల్లాకు ఎందుకు ఏమీ రాదు? వచ్చేటట్టు చేయడానికి మనం ఏమి చేయాలి? ఈ వ్యాసం చర్చించదలచినది ఈ రెండు ప్రశ్నలనే.

మూడు గడపలు

మన కళ నిలబడి తలుపు తట్టగలిగిన ప్రభుత్వ గడపలు ప్రధానంగా మూడు.

మొదటిది ఉర్దూ అకాడమీ. ఉర్దూ రాతప్రతుల ముద్రణకు సాయం, ఉర్దూ రచయితలకు పురస్కారాలు, ముషాయిరాలు దాని పనులు. 2017లో ఉర్దూ రాష్ట్రమంతటా రెండవ అధికార భాష అయింది. అది ఆనందించదగిన విషయమే. కానీ మన మూడు పట్టణాల వాస్తవం వేరు. ఇంట్లో దక్కనీ మాట్లాడుతూ బడిలో తెలుగో ఇంగ్లీషో చదివి, ఉర్దూ లిపి సరిగా రాని తరం మన కళ్లముందే పెరిగి పెద్దదైంది. ఆ తరం రాసేది తెలుగులో. అకాడమీ పేరులోనే భాష ఉంది కాబట్టి తెలుగులో రాసిన ముస్లిం కవితకు, తెలుగులో పాడే పీర్ల పాటకు ఆ గడపలో చోటు అడగడం కూడా ఇబ్బందే.

రెండవది రాష్ట్ర భాషా సాంస్కృతిక శాఖ. జానపదానికి, నాటకానికి, సాహిత్య సభలకు అది సాయం చేస్తుంది. పేద వృద్ధ కళాకారులకు పింఛను ఇస్తుంది. పీర్ల పండుగ తెలంగాణ జానపదంలో భాగమని వేదికల మీద అందరూ ఒప్పుకుంటారు. కానీ సాయం కోరే సంస్థకు రిజిస్ట్రేషన్ ఉండాలి, బ్యాంకు ఖాతా ఉండాలి, జమాఖర్చుల లెక్క ఉండాలి, చేసిన కార్యక్రమాల ఆధారాలు ఉండాలి. మొహల్లాలో నలుగురు కలిసి నడుపుకునే బృందానికి ఇవేవీ ఉండవు. ఇక ప్రభుత్వమే నేరుగా నియమించిన తెలంగాణ సాంస్కృతిక సారథి కళాకారుల విషయానికి వస్తే, 550 మందికి ఉపాధి దొరకడం మంచిదే కానీ, వారి ప్రధాన బాధ్యత ప్రభుత్వ పథకాల ప్రచారం. ఏ సముదాయానికైనా తన గొంతుతో తన మాట చెప్పుకునే అవకాశం ఆ మార్గంలో దొరకదు.

మూడవది మైనారిటీ సంక్షేమ శాఖ. స్కాలర్‌షిప్పులు, సబ్సిడీ రుణాలు, కుట్టుమిషన్లు, 2014లో మొదలైన షాదీ ముబారక్, 2016లో మొదలైన మైనారిటీ గురుకులాలు ఇక్కడి వ్యవహారాలు. వీటి విలువను ఎవరూ కాదనరు. కానీ ఈ జాబితాను ఒక్కసారి నిదానంగా చదవండి. అందులో మైనారిటీ అంటే ఏదో ఒకటి లేనివాడు, ఏదో ఒకటి పుచ్చుకోవలసినవాడు. ఏదైనా సృష్టించగలవాడు, సమాజానికి ఏదైనా ఇవ్వగలవాడు అన్న ఊహకు అక్కడ తావు లేదు.

ఇలా ఉర్దూ కానందున ఒక గడప, కాగితాలు లేనందున మరొక గడప, సంక్షేమం కానందున ఇంకొక గడప మనకు మూసుకుపోతున్నాయి. మనమీద ద్వేషంతోనే తలుపులు మూశారని అనడం తేలిక. చాలా సందర్భాలలో జరుగుతున్నది అంతకంటే సాదా సంగతి: మన కళ ఏ శాఖ నమూనాలోనూ ఇమడదు, ఇమడని దానిని తీసుకొని ఒక శాఖ నుంచి మరొక శాఖకు నడిపించే సంస్థ మనకు లేదు.

కేంద్ర మైనారిటీ వ్యవహారాల శాఖ 2014-15లో హమారీ ధరోహర్ అనే పథకాన్ని ప్రారంభించింది. మైనారిటీల వారసత్వాన్ని కాపాడడం దాని ఉద్దేశం. హైదరాబాదులోని దాయిరతుల్ మారిఫ్‌కు చెందిన విలువైన అరబ్బీ ప్రతుల అనువాదం, డిజిటలీకరణ దాని కింద చేపట్టారు. తరువాత ఆ పథకాన్ని పీఎం వికాస్‌లో విలీనం చేశారు. దాయిరతుల్ మారిఫ్‌కు కార్యాలయం ఉంది, సిబ్బంది ఉన్నారు, ప్రతుల పట్టిక ఉంది, అందువల్ల నిధికి ఒక చిరునామా దొరికింది. జాన్‌పహాడ్ ఫకీరు పాటకు చిరునామా లేదు. పథకాలు వస్తాయి, పోతాయి. చిరునామా ఉన్నవారికే అవి అందుతాయి.

ఖాళీని నింపుతున్నది ఎవరు?

గడపలు మూసి ఉన్నప్పుడు ఖాళీ ఖాళీగా ఉండదు. మిలాద్ సభకు, ముషాయిరాకు, కవ్వాలీ రాత్రికి డబ్బు కావాలి. షామియానా, మైకు, అతిథుల ప్రయాణం, భోజనాలు అన్నిటికీ ఖర్చే. అప్పుడు ఏదో ఒక పార్టీ నాయకుడి దగ్గరకు వెళ్తాం. ఆయన ఇస్తాడు. మరునాడు వేదిక వెనుక కట్టిన ఫ్లెక్సీ మీద కవి పేరు కింది వరుసలో చిన్న అక్షరాల్లో, నాయకుడి ముఖం నిలువెత్తున ఉంటుంది. కవి తన కవిత చదవడానికి లేచేసరికి రాత్రి పన్నెండు దాటుతుంది, ఎందుకంటే అప్పటిదాకా ప్రసంగాలే. మన ఊళ్లలో ఈ దృశ్యం చూడని వారెవరు?

నాయకుడిని తప్పుపట్టి ప్రయోజనం లేదు. ఆయన తన పనికి తాను ఖర్చు పెట్టుకుంటున్నాడు. కానీ ఆ వేదిక మీద మన యువకుడు మొహల్లా మురుగు కాలువ గురించి, బ్యాంకు రుణం దొరకని తండ్రి గురించి, అద్దె ఇల్లు ఇవ్వమన్న వాకిలి గురించి కవిత చదవగలడా? చదివితే మరుసటి ఏడాది ఆ సభ జరుగుతుందా? పోషణ ఎవరి చేతిలో ఉంటే మాటకు హద్దు కూడా వారి చేతిలోనే ఉంటుంది. కళకు నిధి కావాలని మనం అనేది సభలు ఘనంగా జరగాలని కాదు. మన మాట మన చేతిలో ఉండాలని.

ఇది దయ కాదు, హక్కు

కళకు సాయం అడగడం యాచన అనుకునే మొహమాటం మనలో ఉంది. దానిని వదులుకోవాలి. తనదైన భాష, లిపి, సంస్కృతి ఉన్న ఏ పౌర సముదాయానికైనా దానిని కాపాడుకునే హక్కు ఉందని రాజ్యాంగం 29వ అధికరణం మొదటి ఖండం చెబుతుంది. మనం తరచుగా తలుచుకునేది విద్యాసంస్థలకు సంబంధించిన 30వ అధికరణాన్ని. దాని పక్కనే ఉన్న 29వ అధికరణాన్ని మాత్రం గోడ మీద పటంలా వదిలేశాం. 1992 డిసెంబర్ 18న ఐక్యరాజ్యసమితి ఆమోదించిన మైనారిటీల హక్కుల ప్రకటన మరో అడుగు ముందుకు వేసి, మైనారిటీలు తమ సంస్కృతిని, భాషను, సంప్రదాయాలను పెంపొందించుకోవడానికి అనుకూలమైన పరిస్థితులు కల్పించడం ప్రభుత్వాల బాధ్యత అంటుంది. ఏటా డిసెంబర్ 18న మన దేశంలో మైనారిటీ హక్కుల దినం జరుపుతున్నది అందుకే. ఆ రోజున జరిగే సభలలో విద్య, ఉద్యోగాలతో పాటు సంస్కృతి నిధి కూడా అజెండాలో ఒక అంశం కావాలి.

పైగా ఈ ప్రాంతపు కళకు మనం చేసిన చేర్పు చిన్నది కాదు. జనగామ తాలూకా ఇంకా నల్లగొండ జిల్లాలో భాగంగా ఉన్న 1940ల ఆరంభంలో, కామారెడ్డిగూడెం రైతు షేక్ బందగీ విసునూరు దేశ్‌ముఖ్‌తో న్యాయస్థానంలో పోరాడి, హత్యకు గురయ్యాడు. సూర్యాపేట నుంచి జనగామ వెళ్లే దారిలో ఆయన సమాధి ఉంది. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు 1947లో రాసిన 'మా భూమి' నాటకానికి ఆయన పోరాటం ప్రేరణ. ప్రజానాట్యమండలి దళాలు ఆ నాటకాన్ని ఊరూరా ఆడాయి. తెలుగు ప్రజాకళకు గర్వకారణమైన ఒక నాటకానికి మూలం ఒక పేద ముస్లిం రైతు జీవితం. ఆ జీవితాన్ని ఈనాడు మన పిల్లలు తమ భాషలో, తమ చూపుతో మళ్లీ నాటకంగా కట్టాలంటే, కనీసం రిహార్సల్‌కు ఒక గది, ఇద్దరు శిక్షకులకు దారి ఖర్చులు కావాలి. అంత చిన్న అవసరం తీరక ఆగిపోయే పనులు ఎన్నో.

రచన సంగతీ అంతే. ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' 1991లో వెలువడింది. స్కైబాబా సంపాదకత్వంలో 'జల్‌జలా' కవితా సంకలనం 1998లో, 'వతన్' కథా సంకలనం 2004లో వచ్చాయి. తెలుగు సాహిత్యం ముస్లిం జీవితాన్ని చూసే తీరును మార్చిన పుస్తకాలివి. స్కైబాబా మన నల్లగొండ నేల మనిషే. ఇంతటి పని వెనుక పెద్ద ప్రచురణ సంస్థలు లేవు. రచయితల పట్టుదల, మిత్రుల సాయం ఉన్నాయి. పట్టుదల గొప్పదే. కానీ ప్రతి తరమూ అదే పట్టుదలతో మొదటి ఇటుక నుంచి గోడ కట్టవలసి రావడం న్యాయం కాదు.

మనలోని సందేహాలు

కళ అనే మాట వినగానే మనలో కొందరు పెద్దలు ముఖం తిప్పుకుంటారు. సంగీతం విషయంలో, పీర్ల విషయంలో ధార్మిక అభిప్రాయభేదాలు ఉన్నాయి. వాటిని ఈ వ్యాసం తీర్చబోదు, తీర్చవలసిన పనీ లేదు. పీర్ల పాటను రికార్డు చేయడం వేరు, దానిని ఆరాధనగా అంగీకరించడం వేరు. మన తాతల జీవితంలో ఏమి జరిగిందో తెలుసుకోవడం చరిత్ర పని. అంతేగాక, కళ అంటే వాద్యాలు మాత్రమే కావు. ఖత్తాతీ అనే అందమైన రాత ఉంది. నాత్ ఉంది. కవిత, కథ, నాటకం, ఫోటో ప్రదర్శన ఉన్నాయి. ముసలివారి జ్ఞాపకాలను రాసిపెట్టడం ఉంది. ఇమాం సాబుకూ, ఫకీరుకూ, కాలేజీ అమ్మాయికీ అందరికీ అభ్యంతరం లేని పనులే పది ఉన్నాయి. వాటితోనే మొదలుపెట్టవచ్చు.

మరొక సందేహం ఇంతకంటే బలమైనది. "పిల్లల ఫీజులకే దిక్కులేదు, మందులకే డబ్బులేదు, కళలకు ఎక్కడిది?" ఈ ప్రశ్న వేసేవారిది మంచి మనసు. అందుకే ఒక గీత స్పష్టంగా గీయాలి. జకాత్ కళకు కాదు. ఖురాన్ తొమ్మిదవ సూరా అరవయ్యవ ఆయత్ జకాత్‌కు అర్హులను ఎనిమిది వర్గాలుగా నిర్ణయించింది. ఆ సొమ్ము పేదవాడి హక్కు. పేదవాడైన ఫకీరుకు పేదవాడిగా జకాత్ అందవచ్చు, అతని కార్యక్రమానికి కాదు. వక్ఫ్ ఆదాయమూ అంతే, వాకిఫ్ ఏ ఉద్దేశంతో ఇచ్చాడో దానికే ఖర్చు కావాలి. కళకు అడగవలసినవి స్వచ్ఛందమైన చందా, ప్రభుత్వపు నిధి, కంపెనీల నిధి. వీటిలో ఏదీ ఫీజు కట్టలేని బిడ్డ నోటి దగ్గరి ముద్ద కాదు. సంస్కృతి కోసమని కేటాయించిన ప్రభుత్వ ధనాన్ని మనం అడగకపోతే అది మన పిల్లల ఫీజుకు మళ్లదు, ఇంకొకరి ఉత్సవానికి పోతుంది.

పోనీ ఖర్చు విషయమే చూద్దాం. ఒక పట్టణంలో 200 కుటుంబాలు నెలకు 50 రూపాయలు ఇస్తే నెలకు 10,000, ఏడాదికి 1,20,000 రూపాయలు. మన పెళ్లిళ్లలో ఒక్క రాత్రి స్టేజీ అలంకరణకు పోసే డబ్బును తలుచుకుంటే ఇది పెద్ద మొత్తం కాదు. ఈ సొమ్ముతో ఏడాదిలో పదిమంది వృద్ధుల పాటలు, జ్ఞాపకాలు రికార్డు చేయవచ్చు, ఒక చిన్న పుస్తకం అచ్చు వేయవచ్చు. అంతకంటే ముఖ్యం, రేపు ఏ సంస్థ దగ్గరికి వెళ్లినా "మేము ఇంత పెట్టుకున్నాం, మీరెంత పెడతారు?" అని తల ఎత్తి అడగవచ్చు.

ఒక గొడుగు కావాలి

ప్రతి చిన్న బృందమూ రిజిస్టర్ కావడం, ఏటా ఆడిట్ చేయించడం, పన్ను శాఖకు లెక్కలు సమర్పించడం అయ్యే పని కాదు. అమెరికా వంటి దేశాల్లో దీనికి ఒక పద్ధతి ఉంది. రిజిస్ట్రేషన్ లేని కళాబృందం తరఫున ఒక నమోదైన లాభాపేక్షలేని సంస్థ నిధిని స్వీకరిస్తుంది, లెక్క రాస్తుంది, దాతకు జవాబుదారీగా ఉంటుంది. బృందం పని చేసుకుంటుంది. మన నియమాలకు లోబడి, తన ఆశయాల పత్రంలో కళను, సంస్కృతిని స్పష్టంగా రాసుకున్న ఒక సొసైటీ ఇటువంటి గొడుగు కాగలదు. అప్పుడు ఆ బృందాల కార్యక్రమాలు ఆ సొసైటీ కార్యక్రమాలుగానే, దాని లెక్కల్లోనే జరగాలి.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడింటికీ కలిపి ఒక సొసైటీ చాలు. 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడుగురు సభ్యులతో అది ఏర్పడుతుంది. 2016 అక్టోబర్ 11న సూర్యాపేట జిల్లా ఏర్పడిన తరువాత సూర్యాపేట, కోదాడ ఒక జిల్లాలో, మిర్యాలగూడ మరొక జిల్లాలో ఉన్నాయి. అయినా జాన్‌పహాడ్ ఉర్సుకు వెళ్లేవాడు జిల్లా సరిహద్దు చూసి వెళ్లడు. ఒకే సంస్థ ఉంటే రెండు జిల్లా కార్యాలయాలలోనూ అడగవచ్చు. ఆ ఏడుగురిలో కనీసం ముగ్గురు మహిళలు ఉండాలి. ఢోలక్ పాటలు మగవాళ్ల ఫోనుల్లో రికార్డు అయ్యేవి కావు. ఆ పాటలు పాడే గదిలోకి వెళ్లగలిగేది మన అమ్మాయిలే. దూదేకుల సోదరులు, ఫకీరు కుటుంబాల వారు తప్పనిసరిగా ఉండాలి. కళను మోసినవారు పాటకు మాత్రమే పిలుపు అందుకొని, నిర్ణయం దగ్గర బయట నిలబడే పద్ధతి ఇక్కడైనా మారాలి.

ఆ సంస్థ మొదటి ఏడాదిలో చేయవలసిన కాగితపు పని నాలుగు మెట్లు. సొసైటీ రిజిస్ట్రేషన్, పాన్ కార్డు, బ్యాంకు ఖాతా ఒక మెట్టు. ఆదాయపు పన్ను చట్టం కింద 12ఏ, 80జీ నమోదు రెండవ మెట్టు. 80జీ ఉంటే నిబంధనల మేరకు దాతకు పన్ను మినహాయింపు దొరుకుతుంది. 2,000 రూపాయలకు మించిన నగదు విరాళానికి ఆ మినహాయింపు వర్తించదు కాబట్టి, దాతలను బ్యాంకు ద్వారానే ఇవ్వమని కోరాలి. ఎన్జీవో దర్పణ్ అనే కేంద్ర జాబితాలో నమోదు మూడవ మెట్టు. ప్రతి పైసాకూ రశీదు, ప్రతి ఏడాదీ ఆడిట్, ఆ ఆడిట్ ప్రతిని మసీదు నోటీసు బోర్డు మీద అంటించడం నాలుగవ మెట్టు. ఆడిట్ ప్రతిని అలా అంటించమని చట్టం అడగకపోయినా ఈ నాలుగవ మెట్టు మనం పూర్తిగా ఎక్కాలి. చందా లెక్కలు చెప్పక చెడిపోయిన కమిటీలను మన మొహల్లాలు చాలా చూశాయి.

ఎక్కడెక్కడ అడగవచ్చు?

కేంద్ర సాంస్కృతిక శాఖ నడిపే కళా సంస్కృతి వికాస్ యోజనలో అనేక భాగాలున్నాయి. సదస్సులు, కార్యశాలలు, ఉత్సవాలు, నాటక ప్రదర్శనల కోసం సంస్థలకు సాధారణంగా 5 లక్షల రూపాయల వరకు సాయం చేసే భాగం ఒకటి. ప్రత్యేక సందర్భాలలో అది 20 లక్షల వరకు పెరగవచ్చు. గురువుకు, శిష్యులకు నెలనెలా భృతి ఇచ్చే భాగం ఒకటి. 60 ఏళ్లు దాటిన పేద కళాకారులకు నెలకు గరిష్ఠంగా 6,000 రూపాయల సాయం ఒకటి. మన ఫకీర్లలో, కవ్వాలులలో, పీర్ల పాటగాళ్లలో ఈ అర్హత ఉన్నవారు లేరా? ఉన్నారు. వారికి దరఖాస్తు రాసిపెట్టే చెయ్యి కావాలి. గొడుగు సంస్థ మొదటి సేవ ఇదే కావచ్చు. ఖర్చులేని పని, ఫలితం ఒక మనిషి వంటింట్లో కనిపించే పని.

ప్రభుత్వానికి బయట, బెంగళూరులో 1993లో ఏర్పడిన ఇండియా ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్ ఉంది. కళా పరిశోధనకు, కళాభ్యాసానికి, బడుల్లో కళా విద్యకు అది గ్రాంట్లు ఇస్తుంది. ఇంగ్లీషులోనే కాక భారతీయ భాషలలో రాసిన ప్రతిపాదనలనూ స్వీకరిస్తుంది. అంటే తెలుగులో రాసి పంపవచ్చు, ఉర్దూలో రాసి పంపవచ్చు. ఇంగ్లీషు రానందున మన కాలేజీ పిల్లలు వెనుకంజ వేయవలసిన పని లేదు.

మూడవది కంపెనీల సామాజిక బాధ్యత నిధి. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం నికర విలువ 500 కోట్లు, లేదా టర్నోవర్ 1,000 కోట్లు, లేదా నికర లాభం 5 కోట్ల రూపాయలు దాటిన కంపెనీ తన మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక పనులకు ఖర్చు చేయాలి. ఆ పనుల జాబితా అయిన ఏడవ షెడ్యూలులో వారసత్వ పరిరక్షణ, కళలు, సంస్కృతి, గ్రంథాలయాలు, సంప్రదాయ కళల అభివృద్ధి స్పష్టంగా ఉన్నాయి. తాను పనిచేసే స్థానిక ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని కూడా ఆ సెక్షన్ చెబుతుంది. మఠంపల్లి, మేళ్లచెరువు, పాలకీడు మండలాల్లో పెద్ద సిమెంటు కర్మాగారాలున్నాయి. జాన్‌పహాడ్ పరిసరాల సున్నపురాయి సిమెంటుగా మారి దేశమంతా వెళ్తోంది. అదే జాన్‌పహాడ్ పాటను భద్రపరచడానికి ఒక చిన్న వాటా అడగడం అత్యాశ కాదు. అయితే బయటి స్వచ్ఛంద సంస్థ ద్వారా ఈ నిధి ఖర్చు కావాలంటే, ఆ సంస్థకు 12ఏ, 80జీ నమోదులతో పాటు అటువంటి పనిలో కనీసం మూడేళ్ల అనుభవం ఉండాలి. ఈ ఏడాది మొదలుపెట్టినవారే మూడేళ్ల తరువాత అడగగలరు. మిర్యాలగూడ రైస్ మిల్లులలో అధికభాగానికి ఈ చట్టం వర్తించకపోవచ్చు. వారిని చట్టంతో కాక ఊరి మర్యాదతో అడగాలి.

నాలుగవది దూరదేశాల్లో ఉన్న మన బిడ్డలు. దుబాయిలో, జెడ్డాలో, షికాగోలో ఉన్నవారు ఊరికి ఏదైనా చేయాలనుకుంటారు. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. భారత పాస్‌పోర్టు ఉన్న ప్రవాసి తన సొంత సంపాదన నుంచి బ్యాంకు మార్గంలో పంపిన విరాళం విదేశీ విరాళం కిందికి రాదు. విదేశీ పౌరసత్వం తీసుకున్నవారు పంపితే, వారు మన రక్తసంబంధీకులైనా, అది విదేశీ విరాళమే. దానికి ప్రత్యేక అనుమతి లేనిదే ఒక్క రూపాయి తీసుకోరాదు. అసలే మన సంస్థల మీద అనుమానపు చూపులు ఎక్కువగా ఉన్న కాలమిది. దాత పాస్‌పోర్టు ప్రతిని రశీదుతో జతచేసే అలవాటు మొదటి రోజు నుంచే ఉండాలి.

పురపాలకాల నుంచి అడగవలసింది

పైన చెప్పినవన్నీ దూరపు గడపలు. పక్కనే ఉన్న గడప పురపాలక సంఘం. మన మూడు పట్టణాలూ పురపాలకాలే. 2019 తెలంగాణ పురపాలక చట్టం ప్రతి పట్టణం తన బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి కేటాయించాలని నిర్దేశించింది. చెట్లకు చట్టంలో వాటా దొరికినప్పుడు, పట్టణపు పాటకు అందులో చాలా చిన్న వాటా అడగడంలో తప్పేముంది?

ఇది లోకంలో లేని కోరిక కాదు. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో 351 నగరాలు, పట్టణాలు ఉన్నాయి. వాటన్నిటికీ కలిపి 329 స్థానిక సాంస్కృతిక మండలులు పనిచేస్తున్నాయి. రాష్ట్రం ప్రతి మండలికి కొంత నిధి పంపుతుంది. దానిని ఎవరికి ఇవ్వాలో ఆ ఊరి స్వచ్ఛంద సభ్యులే కూర్చొని నిర్ణయిస్తారు. రాజధానిలో కూర్చున్న అధికారికి తెలియని ముసలి పాటగాడు పక్క వీధి టీచరుకు తెలుస్తాడు. నిధి చిన్నదే కావచ్చు, నిర్ణయం దగ్గరలో ఉంటుంది.

మనం కోరవలసింది ముస్లింలకు మాత్రమే ప్రత్యేకించిన సొమ్ము కాదు. మూడు పట్టణాల్లో పట్టణ కళానిధి ఏర్పడాలి. ఒగ్గు కథకు, చిందు భాగవతానికి, లంబాడీ పాటకు, పీర్ల పాటకు, ముషాయిరాకు, బడిపిల్లల నాటకానికి అందరికీ అది తెరిచి ఉండాలి. దాని కమిటీలో దళితులు, గిరిజనులు, మైనారిటీలు, మహిళలు ఉండాలి. ఏ బృందానికి ఎంత ఇచ్చారో బహిరంగంగా ప్రకటించాలి. ఈ కోరికతో మన ఒగ్గు, చిందు సోదరుల ఇళ్లకు మనమే ముందుగా వెళ్లాలి. సైదులు అనే పేరు రెండు ఇళ్లలోనూ ఉన్న నేల ఇది. ఇక్కడ ఒంటరిగా అడగడం కంటే కలిసి అడగడమే సహజం.

పుచ్చుకునేటప్పుడు

నిధి వచ్చిన రోజున మరో పరీక్ష మొదలవుతుంది. దాత పేరు ఆహ్వానపత్రం చివరి పుటలో ఒక వరుసగా ఉండాలి, వేదిక మీద ముఖంగా కాదు. ఏ పార్టీ గుర్తూ ఉండకూడదు. ఏమి పాడాలో, ఏమి రాయాలో దాత చెప్పకూడదు, ఆ సంగతిని మొదటి ఉత్తరంలోనే మర్యాదగా రాసుకోవాలి. మనల్ని సామరస్యానికి అలంకారంగా, షేర్వానీ తొడిగిన బొమ్మలుగా మాత్రమే చూపాలనుకునే సొమ్మును వద్దనగలగాలి. మన కళలో సామరస్యం ఉంది, కోపమూ ఉంది, ఆకలీ ఉంది, నవ్వూ ఉంది. అందులో ఒకదాన్నే కొనుక్కుంటామనే దాతతో మనకు పని లేదు. రికార్డు చేసిన పాట పాడినవారిదే. దాని ప్రతి ఆ కుటుంబానికి మొదట చేరాలి, ఆపైనే లోకానికి.

పైసా అడగడానికి ముందే చేయగల పని ఒకటి ఉంది. వచ్చే ఉర్సులోపు ప్రతి పట్టణం నుంచి ముగ్గురు యువతీ యువకులు ఒక జాబితా రాయాలి. మన పట్టణంలో, చుట్టుపక్కల పల్లెల్లో పాడేవారు ఎవరు, వయసు ఎంత, ఏ పాటలు వచ్చు, ఎవరి దగ్గర నేర్చారు, ఇప్పుడు ఎవరికి నేర్పుతున్నారు. ఒక నోటు పుస్తకం, ఒక ఫోను చాలు. కళాకారుల అంగీకారంతో రాసిన ఆ జాబితాయే మన మొదటి దరఖాస్తుకు జతచేసే మొదటి కాగితం అవుతుంది. ఆఖరి ప్రశ్నకు చాలామంది పేర్ల ఎదుట "ఎవరికీ నేర్పడం లేదు" అని రాయవలసి రావచ్చు. ఆ గడిని ఖాళీగా వదలకుండా ఉన్నది ఉన్నట్టు రాద్దాం. నిధి ఎందుకు కావాలని అడిగే ప్రతి అధికారి ముందు ఆ గడినే చూపిద్దాం.